ఏడింట ఐదు

మే నెల, సిరోంచ.
కరెంటు పోయి రెండు గంటలు.
ఇన్వర్టర్ మీద ఒక్క లాప్‌టాప్, దాని మూత మీద తూనీగ.
ఏడు గ్రామసభలు, ఏడు మెషీన్లు,
తునికాకు లెక్క ఒకటే.
ఒకటే ఉండాలి.

పోయిన ఎండాకాలం గాలిదుమారం
టవర్‌ని వంచిన రాత్రి
బ్లాక్‌చెయిన్ రెండుగా చీలింది.
వాగు ఇవతల నాలుగు ఊళ్లది ఒక లెక్క,
అవతల మూడు ఊళ్లది ఇంకో లెక్క.
అవే కట్టలు ఇద్దరు కాంట్రాక్టర్లకు అమ్ముడుపోయాయి.
పొద్దున టవర్ లేచాక
పొడుగు చెయిన్ బతికింది, పొట్టిది రాలిపోయింది.
రాలిన దాంట్లో
ఆత్రం రుకుబాయివి నూట పన్నెండు కట్టలు.

కట్టంటే యాభై ఆకులు.
నేను దాన్ని ‘రీఆర్గ్’ అన్నాను.

ఇప్పుడు కొత్త ఇంజను ఎంచాలి.
బోర్డు మీద రెండు గడులు గీశాను:
మాట కలపడం, లెక్క కట్టడం.
ఇన్నాళ్లూ రెంటినీ ఒకే కుండలో వండాం,
ఒకటి మాడితే రెండూ మాడేవి.

మాట కలిపేవి రెండు రకాలని చెప్పాను.
ఒకటి ఆగదు. ఎవరు లేకున్నా రాస్తూ పోతుంది,
తర్వాత సర్దుకుంటుంది.
రెండోది ఏడింట ఐదు చేతులు లేవందే గీత గీయదు,
గీసింది చెరపదు.
ముగ్గురు నిద్రపోతే మాత్రం అందరూ ఆగాల్సిందే.

కల్లేదారు జాడి పోచన్న మొదటిదే అన్నాడు:
"మబ్బు పడ్డంక ఆకు ఆగుతదా మేడం?"
నిజమే. తడిస్తే నల్లబడుతుంది.

రుకుబాయి గోండిలో ఏదో గొణిగి, తెలుగులో అంది:
"ఆలిశమైతే కూసుంట.
రెండు మాటలైతే యాడ కూసోవాలె?"

మొదటి పేరు తుడిచేశాను.

లెక్క కట్టేది మాత్రం రాత్రంతా సతాయించింది.
కొత్తది మహా వేగం. కానీ పాత చిట్టాని
మొదటి బ్లాకు నుంచి మళ్లీ చదివిస్తే
మనిషికి నలభై పైసలు ఎక్కువ చూపిస్తుంది.
తప్పు దానిది కాదు.
మూడేళ్ల కింద నేను రాసిన భాగాహారంది.
పైసలు కత్తిరించిన ప్రతిసారీ
కూలీ వైపే కత్తిరించాను.

సరిదిద్దడం సుళువే. దిద్దితే
పాత బ్లాకుల ముద్రలు ఒక్కటీ కలవవు.

అందుకని కొత్తదానికి నా తప్పు నేర్పాను,
ఫలానా బ్లాకు దాకా ఇట్లాగే తప్పు చెయ్ అని.
ఆ మరుసటి బ్లాకులో మొట్టమొదటి పద్దు:
తొమ్మిది వందల మందికి నలభై పైసల చొప్పున,
రుకుబాయికి నూట పన్నెండు కట్టలు,
బాకీ.
చివర నా పేరు.

తెల్లారేసరికి ఐదు దీపాలు ఆకుపచ్చ.
ఆరోది అంకీసా నుంచి మిణుకుతోంది.
ఏడోది రాలేదు.
పోచన్న గడపలో నిలబడి
మబ్బు వైపు చూస్తున్నాడు.