కాళ్లు కడిగిన నీళ్లు

గునా కొండ వాలున ఉన్న నర్సరీలో
నాది నీళ్లు మోసే పని.
నల్ల సంచుల్లో త్సిద్ మొక్కలు, మూడు వరసలు.
జునిపర్‌ని మా భాషలో అలా అంటాం.

ఆరు నెలలైనా జానెడు దాటలేదు.
ఆకులు ఊదారంగుకి తిరిగాయి,
చలికి కమిలిన పెదాల్లా.
అస్నకెచ్ ఒక సంచి చింపి వేరు చూసింది.
శుభ్రంగా ఉంది.
మరీ శుభ్రంగా.
"ఒంటరిది పాపం" అంది,
వేరుని కాదు, ఎవరో పిల్లని చూస్తున్నట్టు.

మా ఎర్రమట్టిలో భాస్వరం లేక కాదు.
ఉంది. ఇనుము గుప్పిట్లో ఉంది.
లోభి ఇంటి గాదె అది,
గింజల వాసన వస్తుంది, గింజ రాదు.

రెండో వరసకి సర్కారు ఎరువు వేశాం.
వారంలో లేచాయి, నెలకి ఆగాయి.
కడుపు నిండిన వేరు ఎవర్నీ పిలవదట.
అడగందే అమ్మయినా పెట్టదంటారు సరే,
అడక్కముందే పెడితే
అడగడమే మరిచిపోతారని
మాకెవరూ చెప్పలేదు.

చుట్టూ దున్నిన నేల, టెఫ్ కోసిన మోళ్లు.
కొండ మీద చర్చి చుట్టూ మాత్రం పాత అడవి,
పిల్లాడి గుండు మీద వదిలేసిన పిలకలా.
అస్నకెచ్ బుట్ట పట్టుకుని వెళ్లింది.
గేటు దగ్గర అబ్బా గెలావ్ చేతికర్ర అడ్డం పెట్టాడు.
"ఇక్కడ పుల్ల విరవం, రాయి కదపం.
మన్ను బయటికి పోదు."
ఆమె వాదించలేదు.
బుట్ట బోర్లించి దాని మీదే కాసేపు కూర్చుంది.

కిరెమ్త్ వానలొచ్చాయి.
ఆదివారం చెప్పులు బయట విడిచి
అందరిలాగే లోపలికి వెళ్లింది,
అందరికన్నా ఎక్కువ తిరిగింది.
ప్రతి చెట్టు మొదట్లో, కుళ్లిన ఆకుల్లో,
చీలమండ లోతున.
తిరిగొచ్చి బేసిన్‌లో కాళ్లు కడుక్కుని
ఆ నీళ్లు మూడో వరసకి పోసింది.
ఏడు ఆదివారాలు.
నేను నవ్వాను.
నవ్విన పాపానికి ఆ బేసిన్ నాతోనే మోయించింది.

మెస్కెరెంలో పసుపు పూలు విచ్చేవేళకి
మూడో వరసలో ఊదా పోయింది.
ఎదగడం తర్వాతి సంగతి, ముందు రంగు తేలిక పడింది,
జ్వరం దిగిన ముఖంలా.

బహిర్ దార్‌లో చదువుకునే మాస్తెవాల్
వేరు ముక్కని నీలం రంగులో ముంచి
మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమంది.
మొదట నా కనురెప్పే కనిపించింది.
తర్వాత పోగులు.
వేరు దూరలేని సందుల్లో దూరి
ఇనుము గుప్పిట విప్పించి
చిటికెడు చిటికెడు తెస్తాయట.
చెట్టేమో ఎండలో వండిన చక్కెర ఇస్తుందట.
చేబదులు. కాగితం లేదు, సాక్షి లేదు.

బూజంటే ఇంజెరా పాడుచేసేదే అనుకునేదాన్ని.
వేరులో ఒక్కో గదిలోకి వెళ్లి
ఆ బూజు ఏమైందో తెలుసా,
కొమ్మలు వేసింది, రెమ్మలు వేసింది,
కంటికి ఆనని ఒక చెట్టై నిలబడింది.
చెట్టు లోపల చెట్టు.
"కొన్ని రోజులే ఉంటుంది,
ఇవ్వాల్సింది ఇచ్చి కరిగిపోతుంది" అంది మాస్తెవాల్,
రాసుకుంటూ, తలెత్తకుండా.

ఒకనాడు అబ్బా గెలావ్ దిగొచ్చాడు.
మూడు వరసలూ నడిచి చూశాడు.
"ఏం పోశావు?"
అస్నకెచ్ చెప్పులు విడిచి పాదాలు చూపించింది.
పగుళ్లలో ఇంకా నలుపు.
ఆయన కర్ర మట్టిలో గీతలు గీసింది, నోరు కదల్లేదు.

గేటు దాటేముందు పాదాలు రాయికి రాసి
మన్ను లోపలే దులపడం ఆయన అలవాటు,
నలభై ఏళ్లుగా.
మరుసటి ఆదివారం దులపలేదు.
ఆ బురద కాళ్లతోనే వాలు దిగొచ్చి
రెండో వరస దగ్గర నిలబడి
"బేసిన్ ఏదమ్మా?" అన్నాడు నాతో.