పేరు సుట్టాలు

ఇమానం దిగంగనే ఎవడో మైకుల
"మనామా" అన్నడు.
నా పక్క సీట్ల బూదయ్య ఉలిక్కిపడి లేసి
"మనమా? మనమేం జేసినం సార్?" అని చేతులు గట్టుకున్నడు.
నవ్వెటోళ్లు నవ్విన్రు. నేను నవ్వలె.
నాకూ గట్లనే ఇనొచ్చింది.

పదకొండేండ్ల కింది ముచ్చట.

ఇప్పుడు బూదయ్య పొద్దుగాల ఎక్కే బస్సు మీద
తన పేరే రాసుంటది: బుదయ్యా.
సముద్రం ఒడ్డున ఓ ఊరు.
"నా పేరున ఊరుంది గని
ఆ ఊర్ల నా పేరున గుంటెడు జాగ లేదు" అంటడు,
అనుకుంటనే, సీటు దొరక్క నిలవడి పోతడు.

మేస్త్రీ "యల్లా, యల్లా" అని మొత్తుకుంటే
మొదటేడంత నేనొక్కన్నే ఉరికిన.
నా పేరు ఎల్లయ్య గదా,
ఇంత మందిల నన్నే యాది వెట్టుకున్నడని సంబురం.
నలుగురు మోసే సెంట్రింగు పలక ఒక్కన్నే మోసి
రాత్రి నడుం పట్టుకుంటే తెలిసింది,
అది పేరు గాదు, తొందర అని.

ఓ శుక్రవారం ఆలి అనే ఊరికి వోయినం.
కుండలు జేస్తరక్కడ. కుండల వెనక
వేల ఏండ్ల నాటి సమాధులు, మట్టి కుప్పలు కుప్పలుగ.
ఫోన్ల ఇంటామెకు జెప్పిన: "ఆలి కాడున్న."
అటు దిక్కు చానాసేపు సప్పుడు లేదు.
"ఏ ఆలి?" అన్నది.
కార్డు పైసలన్నీ
ఊరంటే ఊరేనని నమ్మిచ్చుడుకే ఒడిసినయి.
ఆమె కోసం కొన్న మట్టి ముంత
ఇంకా నా మంచం కిందనే ఉన్నది.

ఇసుకల తిరిగే ముండ్లతోక బల్లిని
ఇక్కడోళ్లు దబ్బు అంటరు.
మేం పైసలంటం గని, కాకినాడ ఎలక్ట్రీషియను
ఆ పేరు ఇని కూసున్నకాడ్నించి లేవలె.
"చూశావా, కనపడ్డట్టే కనపడి
కన్నంలోకి పోయింది" అన్నడు.

మాఫీ సంగతి చెప్పొద్దనుకున్న.
క్యాషియరు గల్లపెట్టె మూసి "ఫులూస్ మాఫీ" అన్నడు.
మా దిక్కు మాఫీ అంటే అప్పు కొట్టేసుడు.
ఏజెంటు లక్షన్నర నెత్తి మీదికెల్లి దిగినట్టు
ఈల ఏసుకుంట క్యాంపు దాకా నడిసొచ్చిన.
మాఫీ అంటే లేదు, అట.
జీతం లేదు. గంతే.

ఆ లేని జీతం ఏడికి వోయిందంటే
గోదాం కావలి సూడానోని ఖాతకు. ఇలియాస్ ఆయన పేరు.
ఎల్లయ్య, ఇలియాస్.
ఇంగిలీసుల రాస్తే రెండింట్లనూ
రెండు కట్టెలు పక్కపక్కన నిలవెట్టినట్టు ఉంటది.
గుమస్తా చూసింది ఆ కట్టెలనే.

మూడో దినం రాత్రి తలుపు కొట్టిన్రు.
"ఎవలు?" అన్న.
"అనా" అన్నది బయటి గొంతు.
మనోడే ఎవడో అన్నా అంటున్నడని తీసిన.
ఇలియాస్. చేతుల కవరు.
తొంభై రెండు దినార్లు, చిల్లర సుత.
లెక్కవెట్టుకో అని సైగ జేసిండు.
లెక్కవెట్టిన.
వెట్టినంక సిగ్గయింది.

అనా అంటే వాళ్ల బాసల "నేను" అట,
బూదయ్య చెప్పిండు, పప్పు కలుపుకుంట.

అప్పటి సంది గురువారం గురువారం వస్తడు.
తలుపవతల "అనా" అంటడు.
"ఆఁ అన్నా, రా" అంట నేను.
ఎవని మాట వాడంటున్నం. ఇడమరిసి చెప్పలె.
పచ్చిపులుసుల కారం ఎక్కువై
కండ్లెంట నీళ్లు కారుతుంటే
మోచేత్తోని తుడుసుకొని
ఇంకింత పొయ్యిమని గిన్నె జరుపుతడు.