ఒక్కో ముక్కకి ఒక్కో కన్ను

ఏసోబు తోపుడుబండి మీద
ఎవరూ ముట్టని బుట్ట ఒకటి.
"మొలకలొచ్చేశాయమ్మా, ఊరికే తీసుకెళ్ళు,
గేదెలకైనా పనికొస్తాయి" అన్నాడు.
పాయకాపురంలో నాకు గేదెలెక్కడివి!
ప్రహరీకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య
మూడు జానల వెడల్పు నేల ఉంది.
బుడమేరు ఇంట్లోకొచ్చి
నా కుట్టుమిషను మోటారు తాగేసి
బీరువా కింది అర చీరలన్నీ నమిలేసి
పోతూ పోతూ అక్కడ
బెత్తెడు ఒండ్రు పెట్టి వెళ్ళింది,
ఉన్న నాలుగు రోజులకీ అద్దెలాగా.

కత్తిపీట మీద కోశాను,
ఒక్కో ముక్కకి ఒక్కో కన్ను ఉండేలా.
కోత మీద బూడిద అద్దాలి.
గ్యాసు పొయ్యికి బూడిదెక్కడిది,
సందు మూల ఇస్త్రీ బండి నాంచారయ్యనడిగితే
బొగ్గుల బూడిద పొట్లం కట్టిచ్చాడు.
రెండ్రోజులు మంచం కింద ఆరబెట్టాను.
లైటు ఆర్పాక
మా కింద అన్ని కళ్ళు తెరుచుకుని ఉన్నాయని
మా ఆయనకి చెప్పలేదు.

మీరాబీ గోడ మీంచి తొంగిచూసి
"నీ దుంప తెగ, చిత్త కార్తెలోనా?
ఇంకా ఫ్యాను అయిదులో తిరుగుతోంది.
చలి పడనీ, కార్తీకం పోనీ" అంది.
నిజమే, బెజవాడ ఎండకి
ఆశ్వయుజానికీ చైత్రానికీ తేడా తెలీదు.
కానీ ఇంటాయన మాఘంలో
పెరడంతా సిమెంటు చేయిస్తానన్నాడు,
బురద బెడద ఉండదట.
వేళ్ళ మీద లెక్కేశాను: తొంభై రోజులు.
చలి కోసం నేనాగితే
నేల నాకోసం ఆగదు.

ఇంచీ టేపు పరిచి తొమ్మిదంగుళాలకొకటి.
అలవాటుగా బట్టల సుద్ద తీసి నవ్వుకున్నాను,
తడిమట్టి మీద గీత నిలుస్తుందా.
కన్ను పైకి, కోత కిందికి.
కప్పుతుంటే ఒక గుండీ చేతికొచ్చింది,
ఎగువన ఏ ఇంట్లో ఎవరి చొక్కాదో.
దాన్నీ అక్కడే ఉంచేశాను.

పద్నాలుగో రోజు లేదు, పదిహేనో రోజు లేదు.
మూడు ముక్కలు వేడికి కుళ్ళాయి,
వాసనే చెప్పింది.
పందొమ్మిదో రోజు పళ్ళు తోముకుంటూ చూస్తే
నేల నెర్రె విచ్చి ఒక ఆకు,
కుట్టు విప్పిన మడతలా నలిగి.

కార్తీకంలో టీవీ అంది,
బంగాళాఖాతంలో వాయుగుండమని.
నా దుంప ఇంటిపేరూ అదే, చుట్టాలేమో.
చుట్టమైనా ఈ వీధికి నీళ్ళంటే భయమే.
మా ఆయన ఆటో వెనక నుంచి
పాత ఎన్నికల ఫ్లెక్సీ లాక్కొచ్చి కప్పాడు.
ఎవరో నాయకుడు, చేతులు జోడించి
మూడు రాత్రులు నా మడి మీద
వానంతా మొహాన పడుతున్నా నవ్వుతూ పడుకున్నాడు.
ఓట్లడిగినప్పటికంటే
అప్పుడే నచ్చాడు.

రెండుసార్లు మట్టి ఎగదోశాను.
పుష్యంలో, ఆకు ఇంకా పూర్తిగా పండకముందే
వేళ్ళతో తడిమి తడిమి తీశాను.
కొన్ని గోలీలంత, కొన్ని ఉసిరికాయంత,
ఒకటి మాత్రం మీరాబీ మనవడి పిడికిలంత.
అన్నీ కలిపి కిలోంపావు.
"రైతుబజార్లో కిలో ముప్పయ్యే కదే" అన్నాడు మా ఆయన,
తొక్కతోనే ఉప్పేసి ఉడికించినవి
నాలుగోది నోట్లో వేసుకుంటూ.

మాఘం రెండో రోజు మేస్త్రీ వచ్చాడు,
కంకర, ఇసుక, ఇద్దరు కూలీలతో.
నేల చదును చేస్తూ చేస్తూ ఆగి
"అమ్మా, ఇది మీదేనా" అని అరచెయ్యి చాపాడు.
నా వేళ్ళకి అందకుండా దాక్కున్నది,
గునపం తగిలి రెండైంది.
మీరాబీ నోటి చలవ,
దుంప తెగనే తెగింది.
లోపల తెల్లగా, చెమ్మగా,
ఇంకా కన్ను తెరవని రెండు సగాలు.

వచ్చే చిత్త దాకా ఇవి ఆగవని తెలుసు.
అయినా నాంచారయ్య దగ్గరికి బయల్దేరాను.
తిరిగొచ్చేసరికి
ఖాళీ పెయింటు బకెట్టు నిండా
ఆ కూలీ కుర్రాడు, ఎవరూ అడక్కుండానే,
ఒండ్రు ఎత్తి గుమ్మం పక్కన పెట్టాడు.