మూడు వెయ్యో వంతులు

ఈ ఏడు లీవరు నా చేతికొచ్చింది.
ఎల్వుడ్ కుడి మణికట్టు ఎండాకాలంలోనే మాట వినడం మానేసింది.
గరాజ్‌లో బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని
ఇప్పుడు చెవులతో పని చేయిస్తున్నాడు.

బయట జూనియాటా నది అంచులు గడ్డకడుతున్నాయి.
చకుముకి తుపాకుల వేటకు ఇంకా తొమ్మిది రోజులు.
తలుపు బార్లా తెరిచి ఫ్యాను బయటికి తిప్పాం.
చలికి ముక్కు కారినా సరే, పొగ ఇంట్లోకి రాకూడదు.
అది నా షరతు, మా పెళ్ళంత పాతది.

నలభై ఏళ్ళు ఊరి గోడల్లోంచి
సీసపు గొట్టాలు పెరికిన ప్లంబరు మా ఆయన.
అతుకులు కోసి పారేస్తాడు, తగరం కలిస్తే గట్టిపడుతుందని.
మిగిలినదాన్ని గోరుతో గీస్తాడు.
గీత పడితే కుండలోకి, పడకపోతే మూలకి.

అచ్చు తెరిస్తే
మడతపెట్టిన పొడి తువ్వాలు మీద
చేపపొట్టలా మెరుస్తూ దొర్లుతుంది గుండు.
చల్లారాక కొలిస్తే
ఉండాల్సినదానికన్నా
అంగుళంలో మూడు వెయ్యో వంతులు లావు.
"వెంట్రుకంత కూడా లేదు కదా" అంటాను.
"ఆ వెంట్రుకే గొట్టంలో అడ్డం పడితే
సుత్తి పట్టుకుని అడివంతా తిరుగుదువుగాని" అంటాడు.

తేనెమైనం, గొర్రెకొవ్వు కలిపిన ముద్ద
వేలితో గాళ్ళలో మెత్తి
ఉక్కు డై నోట నిలబెట్టి
లీవరు దించుతాను.
ముందు ఏమీ తెలియదు.
తరవాత కాస్త బిగుస్తుంది, కాస్త మొరాయిస్తుంది,
అంతలోనే ఒప్పుకుని
అవతలి డబ్బాలో టక్కుమంటుంది.
"వదులు" అంటాడు, కళ్ళు మూసుకుని.
కొలిచి చూస్తే సరిగ్గానే ఉంది.
చెప్పను. పెద్దమనిషి, పోనీ.

సాయంత్రం కావస్తుండగా తనే అన్నాడు:
"పై అరలో కాఫీ డబ్బా ఉంది. అదీ కరిగించు."

ఆ డబ్బా నాకు తెలుసు.
డెబ్బై నాలుగులో అమ్మ వంటింటి తొట్టి కింద దూరి
ఇరవై మూడేళ్ళ కుర్రాడు కోసి తీసిన గొట్టం అది.
"మా అత్తగారి కాలం నుంచీ ఈ నీళ్ళే తాగుతున్నాం,
మాకేమైందయ్యా?" అని అమ్మ దులిపేసింది.
అతను బదులివ్వలేదు.
బల్ల దగ్గర అదే అక్షరాన్ని
నాలుగోసారి దిద్దుతున్న మా వెర్లిన్ వైపు,
ఏడేళ్ళ వెర్లిన్ వైపు ఒకసారి చూసి
రెంచి మళ్ళీ బిగించాడు.
నేను అతన్ని చూసింది అప్పుడే.

ఇన్నేళ్ళూ ఎందుకు దాచాడో అడగలేదు.
ఇప్పుడెందుకు పొమ్మన్నాడో కూడా.
గొట్టం లోపల తెల్లగా సున్నంలా పేరుకుని ఉంది.
కొవ్వొత్తి ముక్క వేస్తే మంట లేచింది.
మడ్డి తేలింది, గరిటెతో తీసేశాను.
కింద అద్దంలా మెరుపు,
అందులో గరాజ్ దీపం, నా గడ్డం.
పదకొండు గుండ్లయ్యాయి.

ఆదివారం వెర్లిన్ వచ్చాడు.
యాభై ఏడేళ్ళు. ఇప్పటికీ పేరు తప్ప రాయడు.
మైక్రోమీటరు గీతలు వాడికి చీమలు.
కానీ ఈ కొండ మీద వాడిని మించిన గురి లేదు.
తుపాకి మూతి మీద గుండు పెట్టి
బొటనవేలితో నొక్కుతాడు:
"ఇది కాదు."
"ఇదీ కాదు."
కాఫీ డబ్బాలోవి పదకొండూ
ఒక్క నొక్కుకే దిగాయి, జారిపోకుండా, పట్టుకోకుండా.

"మంచి సీసం. ఎక్కడిది?" అన్నాడు.
ఎల్వుడ్ తన మణికట్టును చూసుకుంటున్నాడు.
"మనింటిదే" అన్నాను.
తలాడించి, తోలుసంచిలో పోసుకుని
వంటింట్లో రొట్టె వాసన పట్టి లేచాడు.

"ఒరే, ముందు చేతులు కడుక్కో" అన్నాను.
"సబ్బుతో. రెండుసార్లు."