నిండు సీసా

పొద్దున ఐదుంబావుకు సీసా నింపుకుంటాను.
రాత్రి తొమ్మిదికి అదే సీసాని
అంట్ల గిన్నెల్లో వంపేస్తాను.
నడుమ అది నాతోపాటు
అనంతపురం ఉరవకొండ నాలుగు సింగిళ్లు తిరిగింటుంది,
టికెట్టు లేకుండా.

డిపోలో హాజరు పట్టీ పైన
వేసవి పోస్టరు అంటించినారు.
రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగవలెను.
మజ్జిగ, దోసకాయ, కళింగర తీసుకోవలెను.
నూనె వంటలు తగ్గించవలెను.
బొమ్మలో గ్లాసు పట్టుకున్న పిల్ల నవ్వుతా ఉంది.
ఆ పిల్లది ఏ రూటో రాయలేదు.

డ్రైవరు తిప్పేస్వామి మంచోడు.
రెండు సీసాలు తాగుతాడు, మూడోది నెత్తిన పోసుకుంటాడు.
కంపచెట్ల కాడ బండి ఆపి
అట్లా పోయి ఇట్లా వస్తాడు.
ఆ కాసేపూ నేను చిల్లర లెక్కపెడతాను.
ఎన్నిసార్లు పెట్టినా అంతే చిల్లర.

ఎండాకాలం నాకు నాలుకతో తెలీదు,
పొత్తికడుపుతో తెలుస్తుంది.
గుక్కకొక లెక్క:
ఇప్పుడు తాగితే ఇంకో గంటకు,
ఇంకో గంటకు బండి ఎక్కడుంటుంది?
పొద్దున అన్నంలో మజ్జిగ
అరగరిటె దాటనియ్యను.
మధ్యాన్నం బస్టాండులో రెండు మిరపకాయ బజ్జీలు.
అవి దప్పిక పుట్టిస్తాయి గానీ
దిగి పొమ్మని తొందరపెట్టవు.

మంట గురించి చూపించుకుంటే
'నీళ్లు బాగా తాగుతావా?' అనింది డాక్టరమ్మ.
తాగుతానన్నాను.
మిషన్లోంచి టికెట్టు వచ్చినంత సులువుగా
వచ్చింది అబద్ధం.

మే నెలలో ఒక మంగళవారం.
కూడేరు ఇంకా రెండు మైళ్లుందనగా
మిషన్లో అంకెలు ఈగల మాదిరి లేచిపోయినాయి.
రాడ్డు పట్టుకున్నా. రాడ్డు కాలింది.
కండ్లు తెరిస్తే
ఎవరిదో ఎర్రగడ్డల మూట మీద ఉన్నాను.

కొంగు తడిపి నా మొగం తుడుస్తా ఉందొకామె.
సుంకులమ్మ. టవర్ క్లాక్ కాడ
రాగి అంబలి అమ్మి ఇంటికి పోతా ఉంది.
సత్తు బిందె అడుగున గ్లాసుడు మిగిలింది,
సల్ల, ఎర్రగడ్డ తునకలు, రెండు కరేపాకులు.
నోటికాడ పెడితే పండ్లు బిగించినాను.
'ఏమ్మే, విషమా?'
బస్సంతా చూస్తా ఉంది.
ఆమె చెవిలో చెప్పినాను.

కొంచేపు ఏమీ అనలేదు.
'నేనూ బేరం కాడ
ఒంటిగంట దాకా చుక్క ముట్టను తల్లీ.
అంబలి అమ్మేదాన్ని. సూడు.'

కూడేరులో 'నిలుపప్పా' అని
తిప్పేస్వామికి చెయ్యి చూపి,
నన్ను పట్టుకొని రోడ్డు దాటించింది.
నీలి రంగు రేకు తలుపు.
లోపల బకెట్టు, చెంబు, ఒక గడియ.
గడియ పడిన చప్పుడు!
ఆ ఎండాకాలమంతా
అంత చల్లనిది ఇంకేదీ నా చెవిన పడలేదు.

బయటికొచ్చి గడప మీద కూర్చొని
ఆ గ్లాసుడు అంబలి తాగినాను.
కుండలో నీళ్లు తాగినాను. మళ్లా తాగినాను.
బస్సులో ఎవురూ ఈల వేయలేదు.
ఒక ముసలాయన మాత్రం టైము అడిగినాడంట,
పక్కనామె కసిరిందంట.

ఇప్పుడు కూడేరులో మా బండి
నాలుగు నిమిషాలు నిలుస్తుంది.
టైము చార్టులో లేదు.
తిప్పేస్వామి దిగి
బాగున్న టైరునే తన్ని తన్ని చూస్తాడు.
నా క్యారియర్లో సద్దన్నం,
వేళ్లు మునిగేంత మజ్జిగ, ఉప్పద్దిన దోసకాయ.
'అలిగినావా అక్కా?' అంటాడు బజ్జీలాయన.

పోస్టరులో నాలుగు లీటర్ల కింద
బాల్‌పెన్నుతో రాసినాను:
ఉరవకొండ రూటు. కూడేరు. నీలి తలుపు.
సుంకులమ్మను అడగండి.

మేనేజరు చింపేస్తాడనుకున్నా.
వారం తిరక్కుండా ఇంకో చేతిరాత:
గుత్తి రూటు. పామిడి. బట్టల అంగడి వెనక.
సబ్బు మీరే తెచ్చుకోవాల.

దాని కింద పెన్సిలుతో, చిన్నగా,
కల్యాణదుర్గం రూటు అని రాసి
పక్కన చుక్కలు పెట్టినారెవరో.
చుక్కలు ఇంకా అట్లానే ఉన్నాయి.