పన్నెండు నిమిషాల పరదా

నాల్ద్‌వైక్‌లో రాత్రి నల్లగా ఉండదు.
ఎండిన నారింజ తొక్క రంగులో
సముద్రం దాకా పరుచుకుని ఉంటుంది.
మబ్బు కమ్మిన రోజయితే
దీపం పెట్టకుండానే వీధిలో ఉత్తరం చదువుకోవచ్చు.
అంతా మా గ్రీన్‌హౌసుల పుణ్యం.
డిసెంబరులోనూ టమాటా కాయాలి గదా,
కాయాలంటే దానికి పగలనే భ్రమ కావాలి.
ఆ భ్రమకి మీట నొక్కేది నేనే.

పేరు వీట్స్కె. రాత్రి షిఫ్టు.
ఏడో నంబరు గాజు కప్పు కింద
వేడి, తేమ, పైన పరదాలు నా పూచీ.
మా ఫోర్‌మన్ రోజూ చుక్కలు చూపిస్తాడు.
అసలు చుక్కలు మాత్రం
నా చేతుల మీదుగానే చెరిగిపోతాయి.
కంచె చేను మేయడమంటే ఇదే కాబోలు.

సెలవు రాత్రుల్లో
మూడో అంతస్తు బాల్కనీలో
బట్టలారేసే తీగ పక్కన నా దుర్భిణి నిలబడుతుంది.
కటకం నా అరచేతిలో దాగిపోతుంది.
డెల్ఫ్ట్ పాత సామాన్ల సంతలో
సైకిలు టైరు ధరకి దొరికింది.
మూడు కాళ్ళలో ఒకటి వదులు,
టమాటా తీగలు కట్టే పురికొసతో బిగించాను.

పాలపుంత ఇక్కడ వినికిడి మాట.
గెలాక్సీలూ నీహారికలూ
కలిగినింటి చుట్టాలు, మా గడప తొక్కవు.
అందుకే జంట నక్షత్రాలతో నేస్తం కట్టాను.
వాటికి చిక్కటి చీకటి అక్కర్లేదు,
గాలి కుదురుగా ఉంటే చాలు,
మెడ నొప్పికి ఓర్చుకుంటే చాలు.
హంస ముక్కు కొసన ఆల్బిరియో
కంటికి ఒకటే చుక్క.
కటకంలోకి రాగానే నింపాదిగా రెండవుతుంది:
ఒకటి పండడానికి ఇంకా వారం ఉన్న టమాటా,
ఒకటి గ్యాస్ పొయ్యి మీద నీలి మంట.
నోటుబుక్కులో రాసుకుంటాను:
అక్టోబరు పదకొండు. గాలి పర్లేదు. జంట విడిపోయింది.
చెల్లెలు ఒకసారి ఆ పేజీ తిరగేసి
ఎవరే విడిపోయిందీ అని కంగారు పడింది.

కింది వాటాలో క్రైన్ ఉంటాడు.
నలభై ఏళ్ళు చేపల పడవ మీద.
ఒక కంటి శుక్లం తీశారు, రెండోది వాయిదాలో ఉంది.
మెట్ల దగ్గర ఆపి అడిగాడు:
"ఆండ్రోమెడాలో ఒక మసక మచ్చ ఉండేది,
వలలు దింపి కూచుంటే ఉత్త కంటికే కనపడేది.
ఇంకా ఉందా అది?"

ఉందా, అన్నాడు.
తీసేసిన బస్‌స్టాపు గురించి అడిగినట్టు.

దుర్భిణిలో చూపించాను.
నాకైతే అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినంత.
ఆయనకి అదీ లేదు.
మాట్లాడకుండా దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను షిఫ్టులో, దుర్భిణి ఆయన దగ్గర.
ఒంటిగంటా పదికి ఫోన్ చేసి, నడినెత్తిన చూడమన్నాను.
తేమ పోవడానికి పరదాల మధ్య వదిలే
రెండు జానల సందు
పూర్తిగా మూసేశాను.

ఒక నిమిషం. నాలుగు.
ఆకుల అంచున చెమట పట్టింది.
ఏడు. తేమ ముల్లు ఎరుపులోకి జరిగింది.
పది. అలారం అరిచింది, నోరు నొక్కాను.
ఫోన్‌లో ఆయన ఊపిరి, దూరంగా ఏదో లారీ.
పన్నెండో నిమిషాన
"ఆఁ," అన్నాడు. "అక్కడే ఉంది."

నాకు తెలుసు.
చుట్టూ రెండు వందల గాజు కప్పులు వెలుగుతుంటే
ఒక్కటి కన్ను మూస్తే
సముద్రంలోంచి గరిటెడు తోడినట్టు.
అసలు ఆయన పెట్టింది ఏ కన్నో కూడా అడగలేదు.

ఫోర్‌మన్ ఇచ్చిన కాగితంలో
కారణం అన్న గడి ఉంది.
తేమ పరీక్ష, అని నింపాను.
నోటుబుక్కులో మాత్రం ఉన్నదున్నట్టు:
సందు మూసింది పన్నెండు నిమిషాలు.
తేడా: లేదు.
క్రైన్: ఉంది.

దుర్భిణి తిరిగి ఇచ్చినప్పుడు చూశాను,
వదులు కాలికి నా పురికొస లేదు.
తారు వాసనేసే తాడుతో
ఏదో పడవ ముడి వేసి ఉంది.
ఎలా విప్పాలో నాకు తెలియదు.