ఆరు భాగాల వరస

గ్రిమ్స్‌బీలో శుక్రవారం రాత్రి
చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి
నిమ్మచెక్కతో రెండుసార్లు చేతులు రుద్దుకుని
కింది ఇంటికి దిగుతాను.
డోరీన్ అప్పటికే బిస్కట్ల డబ్బా మూత తీసి ఉంచుతుంది.
బస్ డిపోలో పోయిన వస్తువుల గది,
అందులో ఇద్దరు గుమాస్తాలు.
ఒకే సీజను, ఆరు భాగాలు.
ఆ తర్వాత వాళ్లు తీయడం మానేశారట.
మేం చూడడం మానలేదు.

టీవీ అడుగున అక్షరాలు నడుస్తుంటాయి,
ఆమెకి చెవులు సరిగా లేక, నాకు యాస అందక.
మాట నటుడి నోరు దాటకముందే చదివేస్తాం కనక
లోపలి ప్రేక్షకుల కంటే ఓ క్షణం ముందే నవ్వుతాం,
పెళ్లివారు రాకముందే పంక్తిలో కూర్చున్నవాళ్లలా.

ఫ్యాక్టరీలో అడుగున అక్షరాలుండవు.
హ్యాడక్ చేపల బెల్టు పక్కన ఎవడో ఏదో అంటాడు,
అందరూ నవ్వడం అయ్యాక నవ్వుతాను,
కదిలిన బస్సు వెనక పరిగెత్తినట్టు.

నవ్వు నాలుగు విధాల చేటనేది మా సుందరమ్మత్త.
ఇక్కడ ఆరు.
ఏది ఎంత చేటో తేల్చాలని
చిప్స్ కొట్టు కాయితం వెనక పెన్సిలుతో వరస రాశాం.
ఆరనగానే షడ్రుచులు అంటగడదామనుకున్నాను.
కుదరలేదు. తీపి రెండుసార్లొచ్చింది,
వగరు ఎక్కడా లేదు.

మొదటి స్థానానికి గొడవ లేదు. రెండో భాగం.
కట్టుడు పళ్ల సెట్టు ఒకటి,
నాదంటే నాదని ముగ్గురు.
మిస్టర్ పాడ్జెట్ కౌంటరు మీద ఆపిల్ పండు పెట్టి
కొరికి చూపించండి అంటాడు.
అప్పుడు డోరీన్ తన పళ్లు ఊడొస్తాయని
తీసి చేత్తో పట్టుకుని మరీ నవ్వింది.
ఇంక తీర్పేముంది.

తగాదా అక్కణ్ణించే.
ఆరోదాన్ని రెండో చోట పెట్టమంటుంది.
ఐవీ బదిలీ మీద వెళ్లిపోతూ
గది తాళంచెవి కోటు జేబులో మర్చిపోయే భాగం.
కొసన ఫిడేలు కూడా.
నేను ఆఖర్న పెట్టాను.
నవ్వుకోడానికి పిలిచి ఏడిపించడం
నేతిలో డాల్డా కలపడం కాదూ?
నీకు గుండె లేదంది.
నీకు లెక్క లేదన్నాను.
చిలక సాక్ష్యం చెప్పే మొదటిది,
కరెంటు పోయి చీకట్లో సరుకు లెక్కపెట్టే మూడోది,
తనిఖీకొచ్చినాయన తన టోపీయే పోగొట్టుకునే ఐదోది
పైకీ కిందకీ తిరిగాయి.
రబ్బరు అరిగింది. కాయితం అక్కడ పల్చబడింది.

నాలుగోది ఆమెకి ఆఖరు, నాకు ఆఖరుకి ముందు.
ఏమీ జరగదు అందులో. వాన.
గొడుగు పోయిందని ఓ ముసలాయన వస్తాడు.
గదిలో రెండువందల పన్నెండు నల్ల గొడుగులు.

మొన్న మార్చిలో డోరీన్‌కి కొత్త చెవి మిషన్ పెట్టారు.
ఆ అక్షరాలు తీసెయ్, మొహాలు కనబడనీ, అంది.
కాలికింద మెట్టు లాగేసినట్టయింది.
ఏమీ అనలేదు.
రెండు వారాలు ఆమెని చూసి నవ్వాను,
అర్థం కాని కచేరీలో
పక్కవాడి చేతి తాళం చూసి తలూపినట్టు.

మూడో శుక్రవారం నాలుగోది పడింది.
గొడుక్కి గుర్తేమైనా ఉందా, అన్నాడు పాడ్జెట్.
ముసలాయన చాలాసేపు ఆలోచించాడు.
ఉంది.
తడిసి ఉంటుంది.

డోరీనూ, నేనూ, టీవీ లోపలివాళ్లూ
ఒక్కసారే.
నా బిస్కట్ టీలో పడి మునిగింది.
తీయడానికి చెయ్యి ఆగలేదు.

ఆ రాత్రి వరసలో నాలుగుని చెరిపేశాను.
మరెక్కడ పెడతావంది.
ఒకటిలో పెడదామంటే
పళ్ల సెట్టుని దించడానికి మనసొప్పలేదు.
మూడంటే అన్యాయం.
చూద్దాంలే అని పైకొచ్చేశాను.

ఫ్రిజ్ మీద పీతబొమ్మ అయస్కాంతం కింద
ఇప్పటికీ ఐదే ఉన్నాయి.
అందులో ఆరోది మాత్రం
నేను పైకొచ్చిన ఆ పది నిమిషాల్లో
రెండో చోటికి ఎక్కింది,
ఇంకుతో.